సాయన్న ఫ్రిజ్‌కు రోమన్ వీలునామా

నా జీవితంలో ఒకే ఒక్క వీలునామా రాశాను. దాని దెబ్బకు నిక్షేపంలా ఉన్న మనిషి ఒకడు చట్టరీత్యా చచ్చిపోయాడు, మా ఆయన మూడు ఫ్రిజ్‌లకు జవాబుదారీ అయ్యారు, మా పిల్లాడి పాలకు ఏడు నెలలపాటు వంజరం చేప వాసన వచ్చింది. నేను బి.ఎల్. ఒక సంవత్సరం చదివినందువల్లే ఇదంతా జరిగింది. రెండేళ్లు చదివి ఉంటే ఇంకెంత జరిగేదోనని ఒళ్లు జలదరిస్తుంది. అసలు చదవకపోయి ఉంటే మాత్రం ఏమీ జరిగేది కాదు. ఆ సంగతి మా ఆయన వారానికోసారి గుర్తుచేస్తూనే ఉంటారు.

పెళ్లికి ముందు గుంటూరులో డిగ్రీ అయ్యాక బి.ఎల్.లో చేరాను. మొదటి ఏడాది రోమన్ లా అని ఒక పేపరుండేది. మన దేశంలో వకీలు కావడానికి రెండు వేల ఏళ్ల కిందటి రోమన్లు తమ బానిసలను, ద్రాక్ష తోటలను ఎవరికి రాసిచ్చేవారో ఎందుకు తెలియాలని మీరడగవచ్చు. నేనూ అడిగాను. "పరీక్షలో వస్తుంది కాబట్టి" అన్నారు మాస్టారు. వచ్చింది. రాశాను. ఆ తరువాత పెళ్లయింది, మస్కట్ వచ్చాను, కొడుకు పుట్టాడు, రోమన్లను మరిచిపోయాను. అంటే, పూర్తిగా మరిచిపోయినా బాగుండేది. సగం మరిచిపోయాను. సగం కాలిన కట్టె పొయ్యిలో ఉన్నా పొగే, బయట ఉన్నా పొగే.

మేముండేది దార్సైట్‌లో. మా ఆయన ఒక కట్టుబడి కంపెనీలో డ్రాఫ్ట్స్‌మన్. మా భవనం వెనకే ఆ కంపెనీ వాళ్ల లేబర్ గదులు. అందులో మొదటి గది సాయన్నది. నిజామాబాద్ జిల్లా మనిషి, యాభై ఏళ్లుంటాయి, ఘుబ్రా సైట్‌లో పెద్ద మేస్త్రీ. ఆయన గదిలో ఒక ఫ్రిజ్ ఉండేది. ఇంగ్లీషు ఇంజినీరు ఒకాయన తన దేశం వెళ్లిపోతూ ఇచ్చిపోయింది. మీగడ రంగు, పెళ్లికొడుకు మేనమామలాంటి గుండ్రటి భుజాలు, తలుపు తెరిస్తే పెద్ద మనిషి గొంతు సవరించుకున్నట్టు చప్పుడు.

మాకు ఫ్రిజ్ లేదు. పిల్లాడికి ఎనిమిదో నెల. చెవిపోటు. డాక్టరు ఇచ్చిన సిరప్పు చల్లగా ఉంచాలట, లేకపోతే పనికిరాదట. అది మే నెల. మస్కట్ మే నెల ముందు మా గుంటూరు ఎండ పందిరి నీడ. సిరప్పు సీసాను సాయన్న ఫ్రిజ్‌లో పెట్టి, పిల్లాణ్ణి చంకనేసుకుని రోజుకు నాలుగుసార్లు ఆయన గదికి పోయేదాన్ని. ఒకరోజు ఆయన డ్యూటీకి పోతూ తాళం నాకివ్వడం మరిచిపోయాడు. మందు లోపల, పిల్లాడి ఏడుపు బయట. తాళం కప్పను పట్టుకుని నేనూ ఏడ్చాను.

ఆ సాయంత్రం సంగతి విని సాయన్న నొచ్చుకున్నాడు. "అమ్మా, నేనెట్లన్న మంగళారం ఖతం చేస్కొని ఇంటికి పోతున్న. ఈ ఫిరిజ్ పిలగానికే ఇస్త. ఇగ మీకు తిప్పలుండది" అన్నాడు.

ఖతం చేసుకోవడమంటే కంగారుపడకండి. వీసా రద్దు చేయించుకుని దేశానికి మొత్తానికే వెళ్లిపోవడం. అలా పోయేవాళ్లు సామాన్లు మోసుకెళ్లలేరు కనుక ఇక్కడివాళ్లకు పంచిపోతారు. పరుపు ఒకరికి, బకెట్ ఒకరికి, స్టవ్ ఒకరికి. ఇది ఇక్కడి ఆచారం.

ఆ రాత్రి పిల్లాడు పుట్టాక మొదటిసారి హాయిగా నిద్రపోయాను. తెల్లారి మెట్ల దగ్గర గంగారాం ఎదురయ్యాడు. సాయన్న ఊరివాడే, సైట్‌లో వడ్రంగి.

"అమ్మా, మా సాయన్న ఫిరిజ్ నాదే అనుకొమ్మన్నడు" అన్నాడు మొహమంతా పళ్లు చేసుకుని.

మధ్యాహ్నం, వాళ్ల మెస్‌లో వంట చేసే మల్లేశం. "నాగ్గూడ చెప్పిండమ్మా. నీదే అనుకోరా మల్లిగా అన్నడు. చేపలు పెట్టుకుంట." సాయంత్రం, కంపెనీ స్టోర్‌లో పనిచేసే ఖాదర్ భాయ్, కడప ఆయన. "సాయన్న శానా మంచోడమ్మా. ఫ్రిజ్జి మీదే అనుకోండి ఖాదర్ భాయ్ అన్న్యాడు."

ఒక ఫ్రిజ్. నలుగురు. మంగళవారం విమానం.

"ఏమండీ, కాగితం మీద రాయించుకోకపోతే మన ఫ్రిజ్ గల్లంతే" అన్నాను మా ఆయనతో.

"నోటిమాట చాలదా? వెళ్లి సాయన్ననే అడిగితే సరి."

"అలా అడగడం బాగుండదు. దీనికొక పద్ధతుంది. నేను లా చదివాను."

"పరీక్ష పాసయ్యావా?"

"అది వేరే సంగతి."

అసలు నాకు తట్టిన ఆలోచన ఎంత గొప్పదో చూడండి. రోమన్ చట్టంలో, పౌరసత్వం పోగొట్టుకుని ఊరు విడిచిపోయినవాడు చచ్చినవాడితో సమానమని ఎక్కడో చదివిన గుర్తు. సాయన్న వీసా రద్దవుతోంది, ఊరు విడిచిపోతున్నాడు. కాబట్టి సాయన్న పోయినట్టే. పోయినవాడి సామాను పంచాలంటే వీలునామా కావాలి. వీలునామాకు మొట్టమొదట వారసుడు కావాలి. రోమన్లకు వారసుడి పేరు వీలునామాకు తలకాయ లాంటిది. అది పైన లేకపోతే కింద ఎన్ని రాసినా మొండెమే. ఆ తరువాత ఫలానా వస్తువు ఫలానా వాడికని రాసేవి లెగసీలు. అన్నీ పోగా మిగిలిందంతా వారసుడిది. కాబట్టి మా ఆయనే వారసుడు! చావూ లేదు, దినమూ లేదు, వారసుడి పేరు మాత్రం తయారు.

ఇక లెగసీలు నాలుగు రకాలు. పేర్లన్నీ మందుల షాపులో అడిగేలా ఉంటాయి. పెర్ విండికేషియోనెమ్ ఒకటి. పెర్ డామ్నేషియోనెమ్ ఒకటి. మూడోది ఏదో ఉంది. నాలుగోది ఉన్నట్టే గుర్తు. ఒకదానిలో వస్తువు సూటిగా వెళ్లిపోతుంది, ఇంకొకదానిలో "నా వారసుడు ఇచ్చి తీరవలెను" అని రాయాలి. ఈ రెండోది అన్నిటిలోకీ ఉత్తమమైనదని మాస్టారు నొక్కి చెప్పారు. నోట్సులో కింద రెండు గీతలు కూడా గీశాను. ఎవరికి ఉత్తమం అన్నది బహుశా పక్క పేజీలో ఉండి ఉంటుంది.

శుక్రవారం సెలవు. భోజనాలయ్యాక సాయన్న గదిలో అందరినీ కూర్చోబెట్టాను. పిల్లాడు ఒళ్లో, కాగితాలు పీట మీద.

"సాయన్నా, మీ వీలునామా రాద్దాం."

ఆయన చేతిలోని చాయ్ గ్లాసు ఆగిపోయింది. "వీలునామనా? నేనేమన్న సస్తున్ననా అమ్మా?"

"ఒక రకంగా."

"ఏందమ్మా గట్లంటవ్? డాక్టర్ ఏమన్న చెప్పిండా?"

"నిజంగా కాదు, చట్టప్రకారం."

"సట్టం నన్నెందుకు సంపుతది? నేనేం జేసిన?"

నచ్చజెప్పడానికి పావుగంట పట్టింది. నచ్చిందని నేననుకున్నాను. ఆయన మాత్రం నాడి చూసుకుంటూ ఉండిపోయాడు. ఆ తరువాత సాక్షులు. రోమన్లకు అయిదుగురు సాక్షులు, వాళ్లుగాక త్రాసు పట్టుకుని నిలబడే మనిషి ఒకడు ఉండాలి. త్రాసు ఎందుకో నాకూ తెలియదు. మెస్‌లో ఉల్లిగడ్డలు తూచే త్రాసు తెమ్మన్నాను మల్లేశాన్ని.

"ఏం తూస్తమమ్మా? ఫిరిజ్ దీంట్ల పట్టదు గద" అన్నాడు.

"తూచొద్దు. ఊరికే పట్టుకో."

"ఎంత సేపు?"

"అయిపోయేదాకా."

"సాక్షులు పౌరులై ఉండాలి. అందరి దగ్గరా పాస్‌పోర్టులు ఉన్నాయి కదా?" అన్నాను.

"అన్నీ కంపెనీ కాడనే ఉన్నయమ్మా" అన్నారు అందరూ ఒక్క గొంతుతో. అలా నా ఒక్కగానొక్క వీలునామాకు పౌరులు కుదరలేదు. ఉన్న మనుషులతో సరిపెట్టుకున్నాను. కాగితం తలకాయన వారసుడిగా మా ఆయన పేరు రాసి, పైకి చదివాను.

"సాయన్నా, గంగారాంకు ఏమని చెప్పారు?"

"నీదే అనుకోరా అన్న."

"ఏది?"

"ఫిరిజ్. అంటే గట్ల కాదమ్మా..."

"మీరు మధ్యలో మాట్లాడకండి. వీలునామాలో భాష ముఖ్యం." రాశాను: నా వారసుడు గంగారాంకు ఫ్రిజ్ ఇచ్చి తీరవలెను. "మల్లేశానికి?"

"వానిగ్గూడ గట్లనే అన్న గని, నా మాటేందంటే..."

నా వారసుడు మల్లేశానికి ఫ్రిజ్ ఇచ్చి తీరవలెను. ఖాదర్ భాయ్‌కి కూడా ఫ్రిజ్ ఇచ్చి తీరవలెను. త్రాసు పట్టుకున్నందుకు మల్లేశానికి ఆ గది గోడకున్న కూలర్ కూడా ఇచ్చి తీరవలెను. చివరగా, నలుగురిలోకీ బలంగా ఉండాలని, పెద్ద అక్షరాలతో: ఫ్రిజ్‌ను నా వారసుని భార్యకు ఇచ్చి తీరవలెను. ఆఖరి మాటదే చెల్లుబాటని నా నమ్మకం. ఏ పుస్తకంలో చదివానో అడక్కండి.

సాయన్న సంతకం పెట్టాడు. మహా నెమ్మదిగా, ఇదే ఆఖరి సంతకమన్నట్టు.

"ఒకసారి ఇట్లియ్యమ్మా" అన్నాడు ఖాదర్ భాయ్, జేబులోంచి కళ్లజోడు తీసి పెట్టుకుంటూ. నాకప్పటిదాకా తెలియదు, ఇక్కడికి రాకముందు ఆయన కడప రిజిస్ట్రారు ఆఫీసు ముందు చెట్టు కింద పద్దెనిమిదేళ్లు దస్తావేజులు రాశాడట. పాముకు పుట్ట చూపిస్తున్నానని తెలియక కాగితం ఇచ్చాను.

ఆయన రెండుసార్లు చదివాడు. పెదాలు కదిపి మూడోసారి చదివాడు.

"అమ్మా, రాసినోళ్లే వాళ్లకు వాళ్లు రాసుకుంటే యాడన్నా చెల్తాదా?"

నిజమే. రోమన్లకూ అదే చట్టం ఉంది! వీలునామా రాసే లేఖరి తన పేరు పెట్టుకుంటే చెల్లకపోవడమే కాదు, శిక్ష కూడా. పరీక్షలో అయిదు మార్కుల ప్రశ్న. వదిలేశాను.

"మీ ఫ్రిజ్జి పోయె" అన్నాడు ఖాదర్ భాయ్ జాలిగా, నా వాక్యం మీద వేలితో గీత గీస్తూ. "ఇంగ మిగిలింది ముగ్గురం. ఫ్రిజ్జి ఒకటి. గంగారాంకు ఇచ్చి తీరవలెను. మల్లేశానికి ఇచ్చి తీరవలెను. నాకూ ఇచ్చి తీరవలెను. ఎవురు తీరాల?"

"వారసుడు."

"ఎవురు వారసుడు?"

అందరూ మా ఆయన వైపు చూశారు. ఆయన అప్పటిదాకా గోడకు ఆనుకుని కునుకు తీస్తున్నారు.

"అంటే సారు ఒకరికి ఈ ఫ్రిజ్జి ఇచ్చి, మిగిలిన ఇద్దరికీ ఫ్రిజ్జులు తెచ్చియ్యాలనా?"

నోట్సులో పక్క పేజీ అప్పుడు కళ్ల ముందు తెరుచుకుంది. ఒకే వస్తువును విడివిడిగా ఇద్దరికి ఇలా రాస్తే, ఒకరికి వస్తువు, రెండోవాడికి దాని ఖరీదు, వారసుడి నెత్తిన. అందుకే ఈ పద్ధతి ఉత్తమం. పుచ్చుకునేవాడికి.

"అవును" అన్నాను నీరసంగా.

గంగారాం లేచి నిలబడ్డాడు. "అట్లయితే పాతది మల్లిగానికియ్యిండ్రి సార్. నాకు కొత్తది తెండ్రి."

"నాకెందుకురా పాతది? నేను త్రాసు పట్టుకొని నిలబడ్డ!" అన్నాడు మల్లేశం.

"కూలర్ కూడా ఉందండీ" అన్నాను, ఎలాగూ మునిగాక చలేమిటని.

"కూలర్ కంపెనీది గద అమ్మా" అన్నాడు సాయన్న, చావు మరిచిపోయి.

"పరాయివాళ్ల వస్తువైనా చెల్లుతుంది. వారసుడు దాన్ని కొని ఇచ్చి తీరాలి."

"ఎవరి దగ్గర కొనాలి?" అన్నారు మా ఆయన.

"కంపెనీ దగ్గర."

"అంటే రేపు నేను మేనేజరు దగ్గరికి పోయి, మీ గోడకున్న కూలర్ నాకమ్మండి, మీ మెస్ వంటవాడికి బహుమతి ఇవ్వాలి, ఎందుకంటే మీ మేస్త్రీ బతికుండగానే చనిపోయాడు అని చెప్పాలా?"

"అలా అంటే బాగుండదు గానీ, మొత్తం మీద అంతే."

"సుశీలా! నేను వారసుణ్ణి కాను పొమ్మంటే?"

"అనవచ్చు. అప్పుడు వీలునామా మొత్తం కూలిపోతుంది. ఎవరికీ ఏమీ రాదు."

గంగారాం, మల్లేశం, ఖాదర్ భాయ్ ముగ్గురూ మా ఆయన వైపు చూసిన చూపు, రేషన్ షాపు మూసేస్తున్నవాడి వైపు వరసలో నిలబడ్డవాళ్లు చూసే చూపు. పిల్లాడు ఆ సమయం చూసుకుని చెవి పట్టుకుని ఏడుపందుకున్నాడు. వాడి ఏడుపులో నాకొక చట్టం గుర్తొచ్చింది. మా ఆయనలాంటి వారసులే రోములో ఎక్కువయ్యారట. లెగసీలన్నీ ఇచ్చేస్తే మాకేం మిగులుతుందని అందరూ కాదని లేచిపోతుంటే, పెద్దలు ఒక చట్టం చేశారు. ఎన్ని లెగసీలు రాసినా పావు వంతు వారసుడికి మిగలాల్సిందే!

"పావు వంతు! ఆస్తిలో పావు వంతు మాది!" అని అరిచాను.

"మా ముస్లిముల దాంట్లో అయితే వీలునామా మూడో వంతుకు మించి చెల్లదు. ఈ రోము వాళ్లది శానా గట్టి యవ్వారమే" అన్నాడు ఖాదర్ భాయ్, ఆసక్తిగా.

"ఫిరిజ్ల పావు వంతంటే ఎట్లమ్మా? తలుపా?" అన్నాడు గంగారాం.

పావంటే మొత్తం ఆస్తిలో పావో, ఒక్కో వస్తువులో పావో నాకు అప్పుడూ తెలియలేదు, ఇప్పుడూ తెలియదు. కానీ ఫ్రిజ్‌లో నాలుగు అరలున్నాయి. మేము నాలుగు వాటాలు. అంతకు మించిన న్యాయం ఆ గదిలో ఎవరికీ తోచలేదు. కూలర్‌ను మల్లేశం పెద్ద మనసుతో కంపెనీకే వదిలేశాడు. ఫ్రిజ్ మాత్రం వారసుడి ఇంట్లో ఉండాలని తీర్మానం. నలుగురూ మోసి మా వంటింట్లో దించారు. రోము నగరమంతా తవ్వి ఒక అర పట్టాను.

ఇక ఆ ఏడు నెలలూ వర్ణించను. కొంచెం వర్ణిస్తాను. పై అర మల్లేశానిది: చేపలు. రెండోది గంగారాంది: నీళ్ల సీసాలు, ఒక్కొక్కదానికీ వాడి పేరు. మూడోది ఖాదర్ భాయ్‌ది: మాంసం, పక్కన మర్యాదగా కాగితంలో చుట్టిన నిమ్మకాయలు. కింది అర మాది: సిరప్పు, పాలు, నా కన్నీళ్లు. తెల్లవారుజామున నాలుగున్నరకు డ్యూటీకి పోయే ముందు తలుపు చప్పుడు: "అమ్మా, సల్లటి నీళ్లు!" సాయంత్రం మళ్లీ: "అమ్మా, చేప!" మా పిల్లాడు మొదట పలికిన మాట అమ్మా కాదు, నాన్నా కాదు. "నీల్లు." సిరప్పు చెడలేదు, అది నిజం. కానీ వాడు పాలసీసా చూస్తే ముక్కు మూసుకునేవాడు.

విమానం ఎక్కేదాకా సాయన్న, ఎక్కాక స్వర్గీయ సాయన్న. మా ఇంట్లో ఆయన ప్రస్తావన అలాగే వచ్చేది. డిసెంబరులో ఒక సాయంత్రం తలుపు తీస్తే స్వర్గీయ సాయన్న నిలబడి ఉన్నాడు. చేతిలో సకినాల డబ్బా.

"మళ్లచ్చినమ్మా. ఊర్ల పొద్దు పోలే. ఈడనే అల్ హైల్ల వేరే కంపెనీల వీసా దొరికింది. పిలగాడేడీ?"

పిల్లాణ్ణి ఎత్తుకుని ముద్దాడి, మంచినీళ్లు తాగుదామని ఫ్రిజ్ తెరిచాడు. పైనుంచి కిందికి చూశాడు. "ఇదేందమ్మా ఇది? పిలగాని ఫిరిజ్ల మల్లిగాని చేపలెందుకున్నయి?"

సరిగ్గా అప్పుడే ముగ్గురు వాటాదార్లూ సాయంత్రపు నీళ్లకు వచ్చారు. సాయన్నను చూసి కేకలు, కౌగిలింతలు. ఆ సందడి తగ్గాక నేను వీలునామా సంగతి గుర్తుచేశాను.

"అదా! నేను ఫిరిజ్ ఇచ్చింది పిలగానికే గదమ్మా. మొదలే చెప్తి. వీళ్లు సల్లటి నీళ్లు తాగుతం అన్నా అంటే, తాగుండ్రి, మీదే అనుకోండ్రి అన్న. మనింటికొచ్చినోళ్లకు అనమా? గంతే."

"మరి ఆ రోజు చెప్పలేదేం?"

"రెండు మాట్ల నోరు తెరిచిన. సదువుకున్న అమ్మవు, మాట్లాడొద్దంటివి. పైంగ నేను సచ్చినోణ్నైతి. సచ్చినోడెట్ల మాట్లాడుతడు?"

గంగారాం తల గోక్కున్నాడు. "మాగ్గూడ గట్లనే సమజైంది గనమ్మా. నువ్వు కాయితం మీద రాస్తివి. రాసినంక ఒద్దంటమా?"

మా ఆయన నా వైపు చూడలేదు. కిటికీలోంచి కొండను చూస్తూ భుజాలు కదిలేలా నవ్వుతున్నారు.

ఖాదర్ భాయ్ కళ్లజోడు తుడిచాడు. "ఇప్పుడు మనిషి బతికే ఉండాడు కాబట్టి కాగితం చెల్లదు. ఫ్రిజ్జి మళ్లా సాయన్నదే."

చెర నుంచి తిరిగొచ్చినవాడికి అన్ని హక్కులూ తిరిగొస్తాయని రోమన్లు కూడా రాసిపెట్టారు. ఉన్న ఒక్క అరా పోయినట్టే.

"నాదేనా? అయితే పిలగానికే ఇస్తున్న, తీస్కపో బిడ్డా" అన్నాడు సాయన్న వాడి చెయ్యి పట్టి ఫ్రిజ్ తలుపు మీద పెట్టి. అంతే. నాలుగు మాటలు. సాక్షులు, త్రాసు పెట్టి నేను పోగొట్టుకున్న మూడు వంతులూ తిరిగొచ్చేశాయి. మల్లేశం తన చేపలు తీసుకుంటూ, "ఇది ఎక్కడన్న రాసుకుంటమా అమ్మా?" అనబోయాడు. మిగిలిన నలుగురు మగవాళ్లూ కలిసి పీట మీదున్న నా పెన్ను అందుకుని దాచేశారు.

ఇప్పుడు మా వాడికి మూడేళ్లు. వాడు నిద్రపోయాక ఇది రాస్తూ, గంభీరంగా ప్రమాణం చేస్తున్నాను: బతికున్న మనిషి ఏదైనా ఇస్తానంటే రెండు చేతులూ చాచి పుచ్చుకుంటాను, ఏమిచ్చారని మాత్రం అడగను. ఎదుటివాడు నోరు తెరిస్తే నా నోరు మూస్తాను. రోమన్లు తలుపు తడితే ఇంట్లో లేనని చెప్పిస్తాను. ఈ ప్రమాణానికి సాక్షులెవరూ లేరు. కావాలనే పిలవలేదు.